వంగే కత్తి

విరిగిన కత్తి ముక్క ఇనుప దాగలి మీద పడి, ఖంగుమని ఎగిరి, పిన్ని కాలివేళ్ళకు జానెడు దూరంలో ఆగింది.

"చూసుకో," అన్నాడు మేస్త్రీ. "నీ చేతి పనే. నిన్న మధ్యాహ్నం మా అల్లుడి కంటి కింద దిగింది. డాక్టర్లు పైకి లాగి, కడిగి, కవర్లో పెట్టి ఇచ్చారు."

పిన్ని సుత్తి పక్కన పెట్టింది. కొలిమిలో కాలుతున్న ఇనుప పట్టీని పట్టకారుతో వెనక్కి లాగి, బ్లోయరు కట్టేసింది. ఆ మోత ఆగగానే షెడ్డంతా మూగబోయింది. వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆమెను పిన్ని అనే అంటారు. మేస్త్రీ మాత్రం తొమ్మిదేళ్ళుగా "చెల్లెమ్మా" అని పిలిచేవాడు. ఇవాళ గుమ్మం దాటిన దగ్గర్నుంచి ఆ పిలుపు అతని నోట రాలేదు.

అతను ఒక్కడే రాలేదు. అతని కూలీల ముఠాలోంచి నలుగురు గుమ్మం బయట నిలబడ్డారు. వాళ్ళకు ముందు మేస్త్రీ కూతురు. రాత్రంతా ఆసుపత్రి వరండాలో కూర్చున్న బట్టలతోనే వచ్చింది. పిడి ఉన్న సగం కత్తిని తువ్వాల్లో చుట్టి చంకలో అదిమి పట్టుకుంది.

"కన్ను ఎలా ఉందమ్మా?" అంది పిన్ని.

"నీకెందుకు?" అంది ఆ పిల్ల. "దక్కుతుందో లేదో సాయంత్రం చెప్తారట. దక్కినా దక్కకపోయినా నీ కొలిమి ఈ పూటతో సరి. పదకొండింటికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. సీలు చేతిలో పట్టుకునే వస్తున్నాడు."

మొన్నటిదాకా పిన్నీ, పిన్నీ అని వెంట తిరిగిన పిల్ల. ఇప్పుడు నువ్వు, నీ కొలిమి.

గోడ గడియారం పదీ పది చూపిస్తోంది. అంటే యాభై నిమిషాలు.

పిన్ని చేసేది ఒకటే రకం కత్తి. నేపాలీ వంకీ కత్తి. నడుం దగ్గర ముందుకు వంగి, పోనుపోను పొట్ట పెంచుకుని, కొసకు వచ్చేసరికి సన్నబడుతుంది. ఆమె తండ్రి కొండరోడ్లు వేసే శిబిరంలో పదకొండేళ్ళు ఒక నేపాలీ కమ్మరి పక్కన సమ్మెట కొట్టి ఆ పని నేర్చుకొచ్చాడు. కూతురికి నేర్పి పోయాడు. పాత లారీ కమాను పట్టీని కోసి, కాల్చి, సాగగొట్టి చేసే ఆ కత్తికి ఒక మామూలు చెప్పుల జత ఖరీదు కూడా ఉండదు. అయినా కరెంటు తీగల కింద ముళ్ళపొదలు నరికే ముఠాలు దాన్ని తప్ప మరొకటి ముట్టుకోవు. బరువంతా ముందుకే ఉంటుంది కాబట్టి చెయ్యి ఊరికే దారి చూపిస్తే చాలు, మిగతా పని కత్తే చూసుకుంటుంది. వంపులో పడ్డ కొమ్మ జారిపోదు. పదును పోతే దారిలో కనిపించిన రాయి మీద నాలుగు రుద్దులు రుద్దుకోవచ్చు. ఈ మాటలన్నీ కొత్తగా చేరినవాళ్ళకు మేస్త్రీయే పాఠంలా చెప్పేవాడు.

పిన్ని వంగి ముక్క తీసింది. విరిగిన చోటు వెలుతురులో పెట్టి చూసింది. గరుకు పంచదార పలుకుల్లా తళతళలాడుతోంది. తెగే వాదర దగ్గర అలాగే ఉంది, వీపు దగ్గరా అలాగే ఉంది.

"ఇది నాది కాదు," అంది.

గుమ్మం దగ్గర ఎవరో నవ్వారు. బక్కోడని ముఠాలో పేరున్నవాడు. "ఇది నాది కాదు అనడానికి నిమిషం కూడా పట్టలేదు చూశావా మేస్త్రీ. మనం పందెం వేసుకున్నది ఎంతసేపని?"

"నోర్ముయ్‌రా," అన్నాడు మేస్త్రీ. కళ్ళు మాత్రం పిన్ని మీదే ఉన్నాయి. "నీది కాకపోతే నీ ముద్ర దాని మీదకి నడిచి వచ్చిందా?"

"ముద్ర ఏదీ, చూపించమ్మా."

మేస్త్రీ కూతురు తువ్వాలు విప్పింది కానీ కత్తి చేతికివ్వలేదు. రెండు చేతులా గట్టిగా పట్టుకుని మొహం ముందు పెట్టింది. పిడికి పైన, బొటనవేలంత జాగాలో నెలవంక, దాని కింద చుక్క. పిన్ని తండ్రి పెట్టుకున్న ముద్ర.

పిన్ని కళ్ళు చికిలించి చూసింది. నెలవంక గీతల్లో నలుపు. అదొకటి. నెలవంక ఎడమ కొమ్ము కొన విరిగి ఉంది. అది రెండోది.

మొదటిది పైకి చెప్పింది.

"ముద్ర లోపల నలుపు చూశారా? నేను ముద్ర ఆఖరున వేస్తాను. పదును పట్టి, సాన పెట్టి, వంచి చూసి, నిలిచిందనుకున్నాకే చల్లటి కత్తి మీద కొడతాను. అప్పుడు గీతలు లోపల తెల్లగా మెరుస్తాయి. ఇది ఎర్రగా కాలినప్పుడే ముద్ర కొట్టి నీళ్ళలో ముంచిన కత్తి. మంటలో కాలిన పొక్కు గీతల్లోనే ఉండిపోయింది."

"అబ్బో," అన్నాడు మేస్త్రీ. "మా వాడి కన్ను పోతుంటే ఈవిడ నలుపూ తెలుపూ పాఠం చెప్తోంది."

"నా కత్తి వీపు మెత్తగా ఉంటుంది మేస్త్రీ. అందుకే చల్లారాక కూడా ముద్ర దిగుతుంది. నీకు తెలియనిదా? ఈ బల్ల మీద కూర్చుని ఎన్నిసార్లు చూశావు."

మేస్త్రీ మొహం తిప్పుకుని గడియారం చూశాడు. అతనికి తెలుసు. పిన్ని వాదర మీద మాత్రమే కెటిలుతో సన్నటి ధారగా నీళ్ళు పోస్తుంది. ఎర్రటి కత్తి పొడుగునా, కొస నుంచి పిడి దాకా, చెయ్యి వణక్కుండా. నీళ్ళు పడినంత మేర గట్టిపడుతుంది. వీపు తనంతట తాను నెమ్మదిగా చల్లారి మెత్తగా మిగులుతుంది. దెబ్బ పడితే వీపు కాచుకుంటుంది. కత్తి వంగుతుంది గాని విరగదు. ఒక్కో కత్తికీ ఒక్కో కెటిలు. తొందరపడితే పనికిరాదు. అందుకే రోజుకు మూడు కత్తుల కన్నా ఆ కొలిమిలో తయారు కావు.

షెడ్డు మూల పిడులు బిగించే బల్ల దగ్గర పిన్ని మొగుడు కూర్చుని ఉన్నాడు. వీధికి బాబాయి. ఇంతసేపూ తల ఎత్తలేదు. చేతిలో కరిగిన లక్క బొట్లు బొట్లుగా మోకాలి మీద పడుతున్నా చూసుకోలేదు.

"ఒకసారి లోపలికి రా," అన్నాడు ఇప్పుడు, గొంతు తగ్గించి.

"మొగుడూ పెళ్ళాం కథ అల్లుకోవడానికా?" అంది మేస్త్రీ కూతురు.

"మంచినీళ్ళు తాగడానికమ్మా," అన్నాడు బాబాయి, ఎవరి మొహమూ చూడకుండా.

వెనక బొగ్గుల గదిలో తలుపు దగ్గరికి వేసి, పెళ్ళాం మోచెయ్యి పట్టుకున్నాడు. "చూశావా?"

"చూశాను. కొమ్ము విరిగిన ముద్ర. పాతది. మా నాన్నది. నేను కొత్తది చేయించుకున్నాక పెట్టెలో పెట్టింది." పిన్ని చెయ్యి విడిపించుకుంది. "మీ తమ్ముడు పోతూ పోతూ దాన్ని కూడా ఎత్తుకుపోయాడన్నమాట."

మరిది పన్నెండేళ్ళు ఆ కొలిమిలోనే సమ్మెట కొట్టాడు. చెయ్యి మంచిదే, ఓపికే లేదు. కెటిలు పట్టుకున్నప్పుడల్లా విసుక్కునేవాడు. "పేషెంటుకి మందు పోసినట్టు ఎంతసేపు పోస్తాం వదినా, పీపాలో ముంచి తీస్తే పోలా" అనేవాడు. రెండు నెలల క్రితం వదినతో మాటా మాటా అనుకుని, రైలు గేటు అవతల కరెంటు సమ్మెట పెట్టుకుని సొంత షెడ్డు తెరిచాడు. ఈ చుట్టుపక్కల వంకీ కత్తి చెయ్యగలిగిన చేతులు రెండే జతలు. ఒకటి పిన్నిది. రెండోది అతనిది.

"వాడి పేరు ఎత్తకు," అన్నాడు బాబాయి. "నీకు దణ్ణం పెడతాను. బయట నలుగురున్నారు, అందరి నడుముకీ కత్తులున్నాయి. పేరు విన్నారంటే ఇన్‌స్పెక్టరు దాకా ఆగరు. వాడింట్లో ఇద్దరు చిన్నపిల్లలు."

"ఎత్తకపోతే నా షెడ్డుకి సీలు పడుతుంది."

"వేరే పని చూసుకుందాం."

"మీకు పిడులు బిగించడం వచ్చు, కుర్చీలు బిగించుకుని బతుకుతారు. నాకేం వచ్చు?" పిన్ని తలుపు మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగింది. "పేరు ఎత్తను. కానీ కొలిమి ఆరనివ్వను. రెండూ ఎలా కుదురుతాయో నాకూ తెలీదు. అడ్డం రాకండి, చాలు."

ఇన్‌స్పెక్టరు పదకొండుకు ఐదు నిమిషాల ముందే వచ్చాడు. కార్మికుల భద్రత చూసే ఆఫీసు మనిషి. సన్నగా, ఇస్త్రీ మడతలు చెదరకుండా ఉన్నాడు. ఒక చేతిలో ఫైలు, రెండో చేతిలో నల్లటి అట్టపెట్టె. కూర్చోమన్నా కూర్చోలేదు, బల్ల మీద మసి చూసి.

"ఇలాంటి నాటు కత్తులు వాడొద్దని మేం రెండేళ్ళ నుంచి చెప్తున్నాం," అని మొదలుపెట్టాడు. "తుక్కు ఇనుము. ఏ లారీ కింద ఎన్నేళ్ళు నలిగిందో తెలీదు. నాణ్యత పత్రం లేదు. ఇదిగో, పనికి పెట్టాల్సింది ఇది."

అట్టపెట్టె తెరిచాడు. తెల్లగా అద్దంలా మెరిసే స్టీలు కత్తి. రబ్బరు పిడి.

పిన్ని అడక్కుండానే దాన్ని తీసి, అరచేతిలో తూచి చూసింది. "బాగుంది. ఖరీదు?"

"మీవి పన్నెండు వస్తాయి దానికి. ఆ తేడా ఊరికే రాలేదు."

"పదును పోతే?"

"కంపెనీకి పంపితే వాళ్ళే పెట్టి పంపుతారు."

"ఎన్నాళ్ళకి?"

"మూడు వారాలు."

"ఆ మూడు వారాలూ ముళ్ళకంపకి సెలవిస్తారా సార్?"

బక్కోడు నవ్వబోయి, మేస్త్రీ కూతురి చూపు తగిలి దగ్గుగా మార్చుకున్నాడు. ఇన్‌స్పెక్టరు చెవులు ఎర్రబడ్డాయి.

"మీ హాస్యం ఆసుపత్రిలో ఉన్న మనిషికి చెప్పండి," అన్నాడు. ఫైలు తెరిచి కాగితం బయటికి తీశాడు. "ముద్ర మీది. విరిగింది. మనిషికి దెబ్బ తగిలింది. మీరు చెప్పుకునేదేమైనా ఉంటే రెండు ముక్కల్లో చెప్పండి."

పిన్ని నలుపు సంగతి చెప్పింది. వాదర, వీపు, కెటిలు అన్నీ చెప్పింది. అతను చివరిదాకా విన్నాడు. విని తల అడ్డంగా ఊపాడు.

"గీతలో మసి ఉందని నేను రిపోర్టు రాయలేనమ్మా. మీ షెడ్డులో మసి లేని చోటు చూపించండి, అప్పుడు ఆలోచిద్దాం."

"అదీ మాట," అన్నాడు మేస్త్రీ. "సీలు వెయ్యండి సార్. ఈవిడ నోరు మంచిది, పనే మంచిది కాదు. మా ముఠాలో డెబ్భై మంది ఉన్నారు. డెబ్భై మంది చేతుల్లోనూ ఈవిడ కత్తులే. రేపు ఎవరి కన్ను పోతుందో."

డెబ్భై. పిన్ని ఆ అంకె దగ్గర ఆగిపోయింది. నెలన్నర క్రితం దాకా ముఠా నలభై మంది. ఇంకో ముప్పై కత్తులు నాలుగు రోజుల్లో కావాలని వచ్చి అడిగాడు. పది రోజులు పడుతుందని ఆమె చెప్పింది. ఆరు తయారయ్యాక మళ్ళీ వచ్చి, పని తగ్గింది, కొత్తవాళ్ళని మానేశాను, ఈ ఆరూ చాలని తీసుకుపోయాడు. మొహంలోకి చూడకుండా తీసుకుపోయాడు. మరి ఇరవై నాలుగు మంది చేతుల్లో ఏ కత్తులున్నట్టు?

ఆమె కళ్ళు మెల్లగా మేస్త్రీ మీదకు వెళ్ళాయి. అతను రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

వీడికి తెలుసు, అనుకుంది. పొద్దున్న గుమ్మం తొక్కినప్పుడే తెలుసు.

కానీ తనకు తెలిస్తే సరిపోదు. పేరు ఎత్తనని బొగ్గుల గదిలో మాటిచ్చింది.

"బక్కోడా," అంది. "నీ నడుముకున్న కత్తి ఎప్పటిది?"

"నాదా? మూడేళ్ళ కిందటిది. పెళ్ళాం కన్నా ముందు వచ్చింది. ఇంకా నా మాట వింటోంది."

"ఇలా ఇవ్వు."

అతను మేస్త్రీ వైపు చూసి, వద్దనలేదు గనక ఇచ్చాడు. పిన్ని ముద్ర ఇన్‌స్పెక్టరుకు చూపించింది. తర్వాత కత్తి ముందు సగాన్ని వైసులో అడ్డంగా బిగించింది. పిడి బయటికి, పక్క భాగం పైకి. వైసు, ఆ ఇనుప పట్టు, బల్లకు ఎనిమిది బోల్టులతో బిగించి ఉంది. ఆమె గోడకున్న సమ్మెట తీసి మేస్త్రీ చేతికిచ్చింది.

"నీ సత్తువంతా పెట్టి కొట్టు. నా మీద కోపం కూడా కలుపుకో. విరిగితే ముక్క ఎటు ఎగురుతుందో తెలుసుగా? ఇటే."

వెళ్ళి వైసుకు ఎదురుగా, నాలుగడుగుల దూరంలో నిలబడింది. మొహానికి ఏమీ అడ్డం పెట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుంది.

"ఏయ్, ఏమిటిది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నా ముందు ఇలాంటివి ఒప్పుకోను. మీరు పక్కకి..."

మేస్త్రీ ఆయన్ని మాట పూర్తి చెయ్యనివ్వలేదు. సమ్మెట పైకి లేచింది, దిగింది. షెడ్డు రేకులు అదిరాయి. బాబాయి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి పెళ్ళాం అక్కడే ఉంది. కత్తి వైసు అంచు దగ్గర మడతపడి, పిడి నేల చూస్తోంది.

"ఇంకోటి వెయ్యి," అంది పిన్ని.

మేస్త్రీ ఇంకోటి వేశాడు. పళ్ళు బిగించి వేశాడు. కత్తి ఇంకాస్త వంగింది. అంతే.

బక్కోడు గొణిగాడు. "నా కత్తిని అప్పడం చేశారు. నాకెవరిస్తారు ఇప్పుడు?"

ఇన్‌స్పెక్టరు అట్టపెట్టె మూసి పక్కన పెట్టాడు. దగ్గరికి వచ్చి వంగి చూశాడు. వంపు దగ్గర వేలితో తడిమాడు. వాదర మీద సన్నటి పగుళ్ళు, వీపు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఇదొక్కటే బాగా కుదిరి ఉండొచ్చు," అన్నాడు. గొంతులో ఇందాకటి బింకం లేదు.

"అవును సార్, ఇంకోటి చూద్దాం." పిన్ని గుమ్మం దగ్గరున్న మిగతా ముగ్గురినీ కలియజూసింది. చివరివాడు ముఠాకు కొత్త. అతని కత్తి దాదాపు లాక్కున్నట్టే తీసుకుంది. పిడికి పైన ముద్ర. నెలవంక ఎడమ కొమ్ము కొన లేదు. గీతల్లో నలుపు. ఆకురాయి తీసి కత్తి వీపు మీద ఒక్కసారి రుద్దింది. ఆకురాయి గాజు మీద జారినట్టు కీచుమని జారిపోయింది. వీపు కూడా గట్టే. వంగిన కత్తి విప్పి, దీన్ని వైసులో బిగించింది.

తర్వాత మేస్త్రీ చేతిలోంచి సమ్మెట తీసుకుంది.

"ఇప్పుడు నేను కొడతాను. నువ్వు నిలబడు."

"నేనెందుకు?"

"నేను నిలబడ్డాను కదా. ఇది కూడా నాదే అంటున్నావు. అదే ముద్ర, అదే చెయ్యి. ఇందాక నీ రెండు దెబ్బలకి ఏమైందో నీ కళ్ళతోనే చూశావు. నా దెబ్బ అందులో సగం కూడా ఉండదు. వంగుతుంది. రా, నిలబడు."

మేస్త్రీ కదల్లేదు.

"ఆడదాన్ని, నేను నిలబడ్డాను," అంది పిన్ని మళ్ళీ. "నీకేంటి భయం?"

"భయమా? నాకు భయమేంటి?" అన్నాడు. అంటూనే ఒక అడుగు వేశాడు. వైసు ఎదుటికి కాదు, పక్కకి. షెడ్డు స్తంభం అతనికీ కత్తికీ మధ్యకు వచ్చింది. ఆ అడుగు వేసినట్టు అతనికే తెలిసినట్టు లేదు.

ఇన్‌స్పెక్టరు కలం కాగితం మీద ఆగింది.

"నాన్నా," అంది మేస్త్రీ కూతురు. "స్తంభం వెనక్కెందుకు వెళ్ళావు?"

"ఎండ పడుతోంది ఇక్కడ."

"ఇక్కడ ఎండ ఎక్కడుంది? వెళ్ళి నిలబడు నాన్నా."

"నువ్వు ఊరుకో."

"ఈవిడ మొగుడు కంటికి కట్టుతో ఆసుపత్రిలో పడుకోలేదు. మా ఆయన పడుకున్నాడు. వెళ్ళి నిలబడు."

మేస్త్రీ స్తంభాన్ని వదల్లేదు. పిన్ని ఇంక ఆగలేదు. గోడకు చేరేసిన చెక్కపలక లాగి, అతను నిలబడాల్సిన చోట నిలబెట్టి, అందర్నీ వెనక్కి తోసి, ఒక్కటంటే ఒక్క దెబ్బ వేసింది. అంత గట్టిగా కూడా కాదు. కత్తి గాజు గ్లాసులా పగిలింది. పిడి ఉన్న సగం గిర్రున తిరిగి చెక్కలో నాలుగు వేళ్ళ లోతున దిగి, వణుకుతూ ఉండిపోయింది. చెక్క మీద దాని ఎత్తు, మేస్త్రీ నిలబడి ఉంటే, అతని మొలతాడు దగ్గర.

కొత్తవాడు తన ఖాళీ నడుం తడుముకుని కింద కూర్చుండిపోయాడు. నెలన్నరగా దాన్ని కట్టుకు తిరుగుతున్నాడు.

"విరుగుతుందని నాకు తెలీదమ్మా," అన్నాడు మేస్త్రీ. కూతురితోనే అన్నాడు, ఇంకెవరితోనూ కాదు. "ఒట్టు. ఈవిడవి కావని తెలుసు, అంతే. ఈవిడ పది రోజులంది. లైను నాలుగు రోజుల్లో మొదలెట్టాలి, లేకపోతే వేరే ముఠాకి ఇస్తామన్నారు. వాడు ఆ గడువులోనే ఇరవై నాలుగూ ఇచ్చాడు. చూడ్డానికి అచ్చు అవే. ముద్ర కూడా అదే. నిన్న అది విరిగాక... అప్పుడు అర్థమైంది. నీకు ఎలా చెప్పను?"

"అందుకని ఈవిడ నెత్తిన రుద్దావు."

అతను మళ్ళీ రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"ఎవరా వాడు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. సీలు కాగితం ఇంకా అతని చేతిలోనే ఉంది. "ముద్ర ఈమెది. చేసింది ఎవరో రాయకుండా ఈ కాగితం నేను వెనక్కి పెట్టలేను. మీకు తెలుసా అమ్మా?"

పిన్ని సమ్మెట నేలకు ఆనించింది. మేస్త్రీ చూపు మెల్లగా షెడ్డు మూలకు వెళ్ళింది. దాని వెంట అందరి చూపులూ వెళ్ళాయి.

బాబాయి లేచి నిలబడ్డాడు. మోకాలి మీద లక్క ఎండి గట్టిపడి ఉంది.

"నా తమ్ముడు," అన్నాడు. "రైలు గేటు అవతల షెడ్డు. రాసుకోండి."

పిన్ని ఊపిరి వదిలింది. అయిపోయిందనుకుంది. కానీ ఆయన కూర్చోలేదు.

"ముద్ర వాడు ఎత్తుకుపోలేదు," అన్నాడు, ఈసారి పెళ్ళాంతో. "నేనే ఇచ్చాను. వాడు సామాను సర్దుకుంటున్నప్పుడు. కొత్తలో బేరాలు ఉండవు కదా, ఆ ముద్ర చూస్తే నలుగురూ కొంటారని. నీ పాతదే కదా, నువ్వు వాడ్డం లేదు కదా అని."

బయట ఎవరి సైకిలో బెల్లు కొట్టుకుంటూ పోయింది. పిన్ని సమ్మెట తీసుకెళ్ళి గోడకు తగిలించింది.

పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. ఈ మనిషి ఆమెకు చెప్పకుండా చొక్కా గుడ్డ కూడా కొనలేదు. అలాంటిది ఆమె తండ్రి ముద్రను, ఆమె కొలిమి మొత్తాన్ని, తమ్ముడి సంచిలో వేసి పంపించాడు. పొద్దున్నుంచీ ఆ మూల కూర్చుని, ఆమె నాలుగడుగుల దూరంలో నిలబడ్డా కూడా కళ్ళు మూసుకున్నాడు గాని పెదవి విప్పలేదు.

ఆమె వైసులో మిగిలిన ముక్క విప్పి ఇన్‌స్పెక్టరుకు ఇచ్చింది.

ఆయన చాలాసేపు రాశాడు. రాసింది చదివాడు. సీలు వెయ్యడం లేదు. కానీ ఆ ముద్ర ఈ ఇంటి నుంచే బయటికి పోయింది కనక, ఇవాల్టి నుంచి ఆ ముద్రతో ఒక్క కత్తి కూడా అమ్మకూడదు. ముఠాలో ఆ ముద్ర ఉన్న కత్తులన్నీ పరీక్ష చేసి గాని మళ్ళీ వాడకూడదు.

"నా నలభై ఆరు కూడానా?" అంది పిన్ని.

"అన్నీ."

ఆమె సంతకం పెట్టింది. తండ్రి ముద్ర పోయింది, కొలిమి మిగిలింది. ఇన్‌స్పెక్టరు అట్టపెట్టె తీసుకుని, పోతూ పోతూ వంగిన కత్తిని ఇంకోసారి చూసి వెళ్ళాడు.

మేస్త్రీ కూతురు చెక్కలో దిగిన ముక్కను రెండు చేతులా ఊపి ఊపి పీకింది. తన చంకలోని సగంతో పాటు తువ్వాల్లో చుట్టింది. పిన్ని వైపు చూసింది. క్షమాపణ చెప్పే మొహం కాదు అది. అంత తీరిక లేదు ఆమెకు.

"ముందు నువ్వు నడువు నాన్నా," అంది. "రైలు గేటు దగ్గరికి. వాడి ముందు ఇదే మాట మళ్ళీ చెప్దువుగాని. అక్కణ్ణుంచి పోలీసు స్టేషనుకి. ఆ తర్వాత ఆసుపత్రికి వచ్చి ఆయనకి నీ నోటితో నువ్వే చెప్పు."

"అమ్మా, అల్లుడికి ఇప్పుడే..."

"నడువు."

మేస్త్రీ తల దించుకుని నడిచాడు. ముగ్గురు మనుషులు వెంట వెళ్ళారు. బక్కోడు మాత్రం తన వంగిన కత్తి చేతిలో పెట్టుకుని గుమ్మంలోనే తచ్చాడాడు.

"పిన్నీ, నా సంగతి? రేపు పనికి చేతులూపుకుంటూ వెళ్ళనా?"

పిన్ని బ్లోయరు వేసింది. బొగ్గులు మళ్ళీ ఎరుపెక్కాయి. బల్ల కింద నుంచి నిన్న చేసిన కత్తి తీసి అతనికిచ్చింది. ముద్ర ఇంకా పడనిది. ఇక పడదు.

అతను అటూ ఇటూ తిప్పి చూశాడు. "బోడిగా ఉంది. ముద్ర లేకపోతే ఇది నీదో, గేటు అవతలివాడిదో నాకెలా తెలుస్తుంది?"

"వైసులో పెట్టి కొట్టి చూసుకో."

"ఎదురుగా మళ్ళీ నువ్వు నిలబడతావా?"

"నేనెందుకు నిలబడతాను, నాకు పనుంది," అంది పిన్ని, పట్టకారు అందుకుంటూ. "ఈయన నిలబడతాడు. ఇవాళే కాదు, కత్తి కొనడానికి ఎవరొచ్చినా ఈయనే నిలబడతాడు."

బక్కోడు నవ్వాలో వద్దో తెలియక బాబాయి మొహం చూశాడు. బాబాయి మోకాలి మీద లక్క గోటితో గీకి పారేసి, మెల్లగా నడిచి వెళ్ళి, వైసుకు ఎదురుగా నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు.